201వ యూనిట్

తెలంగాణలో ఇంటి కరెంటుకు 201వ యూనిట్ ధర 207 రూపాయల 70 పైసలు. నమ్మకం కలక్కపోతే లెక్క వేసి చూడండి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన ధరల ప్రకారం, నెలకు 200 యూనిట్లు వాడిన ఇంటికి మొదటి వంద 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున, మొత్తం 820 రూపాయలు. ఇంకొక్క యూనిట్ కాలిందా, ఇల్లు పై కేటగిరీలోకి పోతుంది. మొదటి 200 యూనిట్ల ధర 5.10కి మారుతుంది, చివరి ఒక్కటీ 7.70. వెరసి 1,027.70. ఫిక్స్‌డ్ చార్జీలూ అవీ వేరే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ గెంతు లేదు, ఎంత వాడినా కింది శ్లాబు యూనిట్లకు కింది ధరే పడుతుంది. (అక్కడివాళ్లను ఏడిపించడానికి ట్రూఅప్‌లూ, ఇంధన సర్దుబాటు చార్జీలూ ఉన్నాయి లెండి.)

మా అపార్ట్‌మెంట్‌లో బిల్లు ఎక్కువొచ్చినవాళ్లు ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. ఎప్పుడో ఎవరికో ఓ అర్జీ రాసిపెట్టిన పాపానికి వచ్చిన పేరిది. అందరిదీ ఒకటే మాట: "మీటరు పరిగెడుతోందండీ!" నేను ముందు చూసేది బిల్లు మీదున్న రెండు రీడింగు తేదీలు. రోజుకు ఆరు యూనిట్లు వాడే ఇల్లు 30 రోజులకు 180 దగ్గర ఆగుతుంది. రీడింగు తీసే అబ్బాయి 36వ రోజున వస్తే 216. ఆ ఇంట్లో ఒక్క బల్బు కూడా అదనంగా వెలగలేదు. అప్పుడు సెక్షన్ ఆఫీసుకు వెళ్లి "మీటరు తప్పు" అంటే ఎవరూ వినరు. "36 రోజుల యూనిట్లను నెల లెక్కకు సర్ది శ్లాబు వేశారా?" అని అడిగితే కుర్చీ చూపిస్తారు. 2020లో లాక్‌డౌన్‌తో రీడింగులు ఆగిపోయి, తర్వాత బిల్లులు ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ జనం గగ్గోలు పెట్టింది చాలావరకు ఈ లెక్క మీదే.

ఇంకొందరు ఏసీడీ అనే మూడక్షరాలు చూసి బెంబేలెత్తుతారు. అది కరెంటు ఖరీదు కాదు, వాడకం పెరిగిందని అడిగే డిపాజిట్. దాని మీద వడ్డీ కూడా జమ అవుతుంది. కాకపోతే అద్దెకున్నవాళ్లు కట్టినా అది కనెక్షన్ ఎవరి పేరు మీదుంటే వాళ్ల ఖాతాలోకే పోతుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరును అడగడం మరిచిపోకూడదు.

ఇవన్నీ తేలిగ్గా తేలే తగవులు. కింది ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే రిటైర్డ్ టీచరుగారిది అలా తేల్లేదు. తొంభై యూనిట్లు దాటని ఇల్లు ఉన్నట్టుండి రెండొందలు దాటింది. ఆఫీసుకెళితే మొదటి ప్రశ్న "ఏసీ ఉందా అమ్మా?" అని. లేదు. "గీజరు?" అదీ లేదు. నిజానికి ఆ ప్రశ్నల్లో తప్పేమీ లేదు, రెండు కిలోవాట్ల గీజరు అరగంట వేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. కానీ ఈవిడకున్నది రెండు ఫ్యాన్లు, ఓ పాత ఫ్రిజ్. "వేసవి కదమ్మా, కట్టేయండి" అని పంపించారు.

"బాబూ, నేను లెక్కల టీచర్ని. వేసవికి ఫ్యాను రెండింతలు తిరుగుతుందంటే ఎలా నమ్మను?" అన్నారావిడ.

ఇద్దరం కిందికెళ్లి ఎంసీబీ దించి మీటరు ముందు నిలబడ్డాం. ఇల్లంతా ఆగిపోయింది. మీటరు మీద ఎర్ర దీపం మాత్రం మిణుకుతూనే ఉంది. పక్కన ఎర్త్ అని రాసున్న చిన్న దీపం కూడా వెలుగుతోంది. మీటరు ముఖం మీద 3200 అని ఉంది, అంటే అన్నిసార్లు మిణికితే ఒక యూనిట్. వాచీ పెట్టుకుని ఆవిడే లెక్కపెట్టారు. నిమిషానికి పదహారు. గంటకు 960, అంటే 0.3 యూనిట్. ఇంట్లో ఏదీ నడవకుండానే 300 వాట్ల ఖర్చు!

కారణం పక్క ఫ్లాట్‌లో దొరికింది. అక్కడ ఇంటీరియర్ పని చేసిన కుర్రాళ్లు కారిడార్ జంక్షన్ బాక్సులో వాళ్ల న్యూట్రల్ తీగను ఈవిడ న్యూట్రల్‌తో కలిపేశారు. పక్కింటి కరెంటు తిరిగివెళ్లేటప్పుడు కొంత ఈవిడ మీటరు గుండా పోతోంది. మా ఎంసీబీ ఫేజును మాత్రమే తెంచుతుంది కాబట్టి, దాన్ని దించినా ఆ ప్రవాహం ఆగదు. న్యూట్రల్ వాడకుండా ఎర్త్‌తో కరెంటు దొంగిలించేవాళ్లను పట్టడానికని ఇప్పటి మీటర్లలో ఫేజు, న్యూట్రల్ రెంటినీ కొలిచి, ఏది ఎక్కువైతే దాన్ని లెక్క కట్టే ఏర్పాటు పెట్టారు. దొంగల కోసం పన్నిన వలలో టీచరుగారు పడ్డారు. పక్కవాళ్ల మీటరు తన ఫేజు మీద ఆ కరెంటును ఎటూ లెక్క కట్టింది. అంటే అమ్మింది ఒకసారి, వసూలు రెండుసార్లు.

ఇక్కడే అర్జీ రాయడంలో జాగ్రత్త కావాలి. అందరూ చెప్పే సలహా మీటరు టెస్టింగుకు ఫీజు కట్టమని. కడితే ల్యాబు నుంచి "మీటరు బాగుంది" అని కాగితం వస్తుంది, నిజంగానే బాగుంది కాబట్టి. ఆ కాగితంతో ఫైలు మూసేస్తారు. 2024లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. దాని ప్రకారం రీడింగు మీద అనుమానం రాసిస్తే ఐదు రోజుల్లో ఇంకో మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు పోల్చి చూడాలి. మంచి నిబంధనే. కానీ ఇలాంటి కేసులో అదే రకం మీటరు ఇంకోటి పెడితే అదీ ఇదే అంకె చూపిస్తుంది. అందుకే మీటరును ఎక్కడా నిందించకుండా రాశాం.

న్యూట్రళ్లు విడదీయించిన రోజు నుంచి దీపం బుద్ధిగా ఉంది. పాత బిల్లు సంగతే తేలాలి. మీటరు తర్వాతి వైరింగు వినియోగదారు బాధ్యతేనని ఆఫీసు జవాబు. ఆ మాట నిజమే, కానీ ఒకే కరెంటుకు ఇద్దరి దగ్గర వసూలు చేసుకోవడానికి అది సమాధానం ఎలా అవుతుంది? 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ కింద ప్రతి డిస్కమ్‌లోనూ ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉండాలి. లాయరు అక్కర్లేదు, అక్కడా కుదరకపోతే అంబుడ్స్‌మన్ ఉన్నారు. అర్జీ ఆ వేదికకు వెళ్లింది. ఎర్త్ దీపం ఎప్పుడు వెలిగిందో మీటరు తన మెమరీలో తేదీతో సహా దాచుకుంటుంది. ఆ డేటా తీయించి ప్రతి ఇవ్వాలనీ, ఆ తేదీ నుంచి రెండుసార్లు లెక్కపడిన యూనిట్లు తీసేయాలనీ అడిగాం.

ఈలోగా కనెక్షన్ పీకకుండా 56వ సెక్షన్ అడ్డుంది. వేసిన బిల్లు, గత ఆరు నెలల సగటు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ కడితే చాలు. కౌంటరులో మాత్రం "మొత్తం కడితేనే కంప్యూటర్ తీసుకుంటుందమ్మా" అన్నారు. టీచరుగారు పక్క గదిలోని అకౌంట్స్ ఆఫీసరు దగ్గర కూర్చుని సెక్షన్ చదివి వినిపించి, సగటు డబ్బే కట్టి, రసీదు వెనక ఆయన చేత సంతకం పెట్టించుకుని వచ్చారు.