గళ్ల పట్టిక, గద్దింపు మెమో

కంపెనీలో ఏ టీమ్‌కు తోచినట్టు ఆ టీమ్ సాఫ్ట్‌వేర్ కట్టుకుంటూ పోతే ఏమవుతుందో హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. బిల్లింగ్ వాళ్లు తమ టేబుల్‌లో ఒక కాలమ్ పేరు మారుస్తారు. తెల్లారేసరికి గోదాం రిపోర్టు ఆగిపోయి ఉంటుంది. తమ టేబుల్‌ను గోదాం వాళ్లు నేరుగా చదువుకుంటున్నారని బిల్లింగ్ వాళ్లకు తెలిసేది అప్పుడే.

ఈ ఇష్టారాజ్యానికి అజమాయిషీ ఎలా ఉండాలో చెప్పిన రెండు రచనలను పక్కపక్కన పెట్టి చదివితే తమాషాగా ఉంటుంది. ఒకటి జాన్ జాక్‌మన్ 1987లో ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో రాసిన వ్యాసం. రెండోది 2002 ప్రాంతంలో జెఫ్ బెజోస్ అమెజాన్ టీమ్‌లకు పంపిన మెమో. మెమో అసలు ప్రతి బయటికి రాలేదు. అక్కడ పనిచేసి గూగుల్‌కు వెళ్లిన స్టీవ్ యెగీ 2011లో జ్ఞాపకం మీద రాసిన కథనమే లోకానికి తెలుసు. అదీ సహోద్యోగుల కోసం రాసి, పొరపాటున ఊరందరికీ కనిపించేలా పెట్టేశాడు. కాబట్టి అందులో యెగీ మసాలా ఎంతో కొంత ఉందనుకునే చదవాలి.

జాక్‌మన్ ఇళ్లు, విమానాలు తయారయ్యే తీరును గమనించాడు. ఇంటి యజమాని చూసే బొమ్మ వేరు, ఆర్కిటెక్టు గీసే ప్లాను వేరు, మేస్త్రీ చేతిలో కాగితం వేరు. ఒకదానికి వివరాలు చేరిస్తే రెండోది రాదు, దేనికదే సొంత బొమ్మ. వ్యాసం మొత్తంలో నాకు నచ్చిన పరిశీలన ఇదే. దీన్నుంచే ఆయన పట్టిక పుట్టింది: అడ్డం వరసల్లో చూసేవాళ్లు, నిలువు వరసల్లో ప్రశ్నలు. మొదట్లో నిలువు వరసలు మూడే: డేటా, ప్రక్రియ, నెట్‌వర్క్. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నవి 1992లో జాన్ సోవాతో కలిసి చేర్చాడు. ‘ఎందుకు’ అన్నది ఐదేళ్లు ఆలస్యంగా రావడం మన ప్రాజెక్టులకు అలవాటైన సంగతే.

మెమోలో పట్టికా లేదు, బొమ్మా లేదు. ప్రతి టీమూ తన డేటాను, పనులను సర్వీసుల ద్వారానే అందించాలి. పక్క టీమ్ డేటాబేస్‌లోకి తొంగిచూడకూడదు, దొడ్డిదారి ఉండకూడదు. ఏ టెక్నాలజీ వాడినా సరే, రేపు బయటివాళ్లకూ ఇవ్వగలిగేలా కట్టాలి. కాదన్నవాడి ఉద్యోగం పోతుంది. అంతే. అమలు చూసే పని అమెరికా సైన్యంలో రేంజర్‌గా చేసి వచ్చిన రిక్ డాల్జెల్‌కు అప్పగించారు.

తేడా ఇక్కడే ఉంది. గోడల లోపల ఏముందో తెలుసుకోమంటాడు జాక్‌మన్. లోపల ఏమైనా చేసుకోండి, గడప మాత్రం నేను చెప్పినట్టుండాలంటాడు బెజోస్. గళ్లు ఎవరు నింపాలి, నింపకపోతే ఏం చేయాలి అన్నదానికి పట్టిక దగ్గర జవాబు లేదు. ఇది వర్గీకరణే తప్ప పని పద్ధతి కాదని జాక్‌మన్ చెబుతూనే వచ్చాడు. వినని సంస్థలు దాన్నే రూల్‌బుక్ చేసుకున్నాయి.

దాని ఫలితం చూడాలంటే ఏ పెద్ద కంపెనీలోనైనా ఆర్కిటెక్చర్ రివ్యూ బోర్డు మీటింగ్‌లో కూర్చోవాలి. డెవలపర్ స్లైడ్ పెడతాడు. డబ్బాలకు రంగులు సరిగా లేవని ఒకరు, బాణం గుర్తు తిరగబడిందని ఇంకొకరు అంటారు. రిలీజ్ శుక్రవారమని మేనేజర్ గుర్తుచేయగానే ‘తాత్కాలిక మినహాయింపు’ మంజూరైపోతుంది. దాన్ని ఎప్పుడు ఎత్తేయాలో మినిట్స్‌లో ఎవరూ రాయరు. కోడ్ ముందుకు పోతుంది, బొమ్మ అక్కడే ఉండిపోతుంది.

అలాగని మెమోకు జై కొట్టడం తొందరపాటు. దాన్ని అమలు చేశాక ఏం జరిగిందో కూడా యెగీయే చెప్పాడు. ఒక సమస్య మీద తెరిచిన టికెట్ టీమ్ నుంచి టీమ్‌కు తిరుగుతూ పోతుంది, అసలు తప్పు ఎక్కడుందో తేలేసరికి గంటలు గడుస్తాయి. పక్క టీమ్ ఉన్నట్టుండి లెక్కకు మించి కాల్స్ పంపితే మన సర్వీస్ కుప్పకూలుతుంది, కాబట్టి సొంత కంపెనీవాళ్లకూ కోటాలు పెట్టాలి. ఇన్ని వందల సర్వీసుల్లో ఏది ఎక్కడుందో చెప్పే రిజిస్ట్రీ కావాలి. ఏముంది, ఎక్కడుంది, ఎవరిది? ఇవి జాక్‌మన్ నిలువు వరసలే కదా! ఒకటే తేడా: ఈ జాబితాను కమిటీ నింపదు, నడుస్తున్న సర్వీసే తన పేరు నమోదు చేసుకుంటుంది. అందుకే అది పాతబడదు. 2006లో ఎస్3, ఈసీ2 క్లౌడ్ సేవలను అమెజాన్ బయటివాళ్లకు అమ్మగలిగిందంటే అందులో ఈ క్రమశిక్షణకూ వాటా ఉంది. అంతా మెమో మహిమేనంటే మాత్రం అతిశయోక్తి.

నా ఓటు మెమోకే, కానీ ఒక షరతుతో: అందులోని బెదిరింపును తీసేస్తే అది ఎంతవరకు నిలబడుతుందో చూడాలి. అందుకు మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది, కాకపోతే ఒక్క సంస్థది కాదు. 2016లో యూపీఐ తెచ్చిన ఎన్‌పీసీఐ బ్యాంకుల లోపలి వ్యవస్థల జోలికి పోలేదు. స్టేట్ బ్యాంకులో టీసీఎస్ బాంక్స్, పంజాబ్ నేషనల్ బ్యాంకులో ఫినకిల్ సాఫ్ట్‌వేర్లు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. వాటి మధ్య సందేశం ఏ రూపంలో పోవాలో మాత్రం కట్టుదిట్టం చేసింది. ఆ రూల్‌ను అందరూ పాటించారు, పాటించకపోతే డబ్బే కదలదు మరి. ఏ యాప్‌కూ లావాదేవీల్లో 30 శాతం మించి వాటా ఉండకూడదని 2020లో పెట్టిన రూల్ అలాంటిది కాదు. దాని గడువు జరుగుతూ జరుగుతూ 2026 చివరికి చేరింది. ఉద్యోగం తీసేస్తానని గద్దించడానికి ఫోన్‌పే, గూగుల్ పే ఎన్‌పీసీఐ ఉద్యోగులు కారు.