చల్లని ఇంజన్ దగ్గరే అసలు పరీక్ష

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. సింగరేణి బొగ్గు లారీలు, ఆ తర్వాత అడవి. ఈ దారిలో ఉద్యోగాలకు తిరిగేవాళ్లకు పాత డీజిల్ కారు ఎంచిపెట్టే మెకానిక్ అంటే నాకు మహా గౌరవం.

ముందు బానెట్ మీద అరచెయ్యి పెడతాడు. వెచ్చగా తగిలిందా, అమ్మేవాడు ఏదో దాస్తున్నాడని అనుమానం. చల్లారాకే స్టార్ట్ చేయమంటాడు. నల్లపొగ వస్తే ఇంజెక్టర్లో, ఎయిర్ ఫిల్టరో, బాగుచేసుకోవచ్చు. నీలిపొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, ఇక బేరమే వద్దంటాడు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి పొగ ఎంత జోరుగా తన్నుకొస్తోందో చూస్తాడు. మీటరు అంకెను పట్టించుకోడు, క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదల చూస్తాడు.

మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది. అందుకే ఫియట్ రూపొందించిన 1248 సీసీ ఇంజన్ ఉన్న పాత స్విఫ్ట్, డిజైర్‌లను పదిలంగా చూసుకోవాలి.

మార్పులంటే ఆయనకు కొత్త బుష్‌లు, మంచి షాకబ్జర్లు, ఆయిల్ చాంబర్ కింద గట్టి రేకు, సరిచేసిన హెడ్‌లైట్లు. పవర్ పెంచే చిప్ అడిగితే నవ్వేస్తాడు. తాళాలిస్తూ మాత్రం గట్టిగా చెబుతాడు: దూరం నడిపి ఆపగానే ఇంజన్ కట్టేయొద్దు, టర్బో చల్లబడేదాకా ఒక్క నిమిషం ఆగు.