ద్రష్ట్రియైన నాయిక : మధురలాలస, హితోమి

ఆలంకారికులు నాయికలను విభజించిన తీరు సుప్రసిద్ధము. స్వీయ, పరకీయ, సామాన్య యనియు, ముగ్ధ, మధ్య, ప్రగల్భ యనియు, స్వాధీనపతిక మొదలు అభిసారిక వఱకు ఎనమండ్రనియు లెక్కించిరి. ఈ విభాగములు వయస్సునో, నాయకునితోడి సంబంధమునో పట్టి యేర్పడినవి. స్త్రీకి గల యెఱుకను బట్టి యేర్పడిన విభాగము ప్రసిద్ధ లక్షణగ్రంథములందు కానరాదు. ఇతరులకు గోచరింపనిదానిని చూడఁగల స్త్రీయే కథకు నాయిక యైనచో ఆమెను ఏ తెగయందు చేర్పవలయును? 'ద్రష్టృ' శబ్దమునకు స్త్రీత్వవివక్షయందు ఙీప్పు వచ్చి 'ద్రష్ట్రీ' యని రూపము సిద్ధించును. వ్యాకరణము ఇచ్చిన యీ పేరును కావ్యశాస్త్రము వాడుకొనలేదు.

ఈ పేరునకు తగిన నాయికలు ఇరువురు విమర్శకు నిలువఁగలరు. ఒకతె పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన రచించిన కలాపూర్ణోదయమునందలి మధురలాలస. రెండవయామె జపానుదేశపు కదలుబొమ్మల కథయగు 'తెన్‌కూ నో ఎస్కఫ్లోనే' యందలి కన్జాకి హితోమి. ఈ కథ అకనే కజుకి దర్శకత్వమున సన్‌రైజ్ సంస్థచే నిర్మితమై, 1996 ఏప్రిలు మొదలు సెప్టెంబరు వఱకు 26 భాగములుగా ప్రసారమైనది. ఇట్టి బొమ్మలకథలను 'ఆనిమే' యందురు. బాలుర వినోదమని పండితులు దీనిని త్రోసివేయవచ్చును. అయినను నందిగామ, జగ్గయ్యపేట పాఠశాలలందు ప్రబంధపాఠము చెప్పువారికి ఇందు పనికివచ్చు విషయము లేకపోలేదు.

జపాను భాషయందు హితోమి యనఁగా కనుపాప. పేరే పాత్రలక్షణమును చెప్పుచున్నది. ఆమె ఉన్నత పాఠశాలయందు చదువుకొను బాలిక, పరుగుపందెములందు నేర్పరి, బొమ్మల చీట్లు పఱచి తోడివారికి జోస్యము చెప్పుట ఆమెకు అలవాటు. ఈ చీట్లు ఐరోపా ఖండమునుండి వచ్చినవి. తెలుఁగుదేశపు ఎఱుకలసాని చేతిలోని చేట, బియ్యము చేయు పనియే యివియు చేయును. ఒకనాఁటి సాయంకాలము పరుగుబయలునందు ఫనేలియా రాజకుమారుఁడగు వాన్ ఒక మహాసర్పముతో పోరుచు ప్రత్యక్షమగును. తరువాత తేజస్స్తంభ మొకటి వారిద్దఱిని గైయా యను లోకమునకు కొనిపోవును. ఆ లోకపు ఆకాశమున చంద్రునితోపాటు మన భూమియు వ్రేలాడుచుండును. అచ్చటి యుద్ధయంత్రములకు సర్పహృదయమునుండి తీసిన మణియే ప్రాణము. కలాపూర్ణోదయారంభమున ఉయ్యెల లూఁగు కలభాషిణికి మీఁదుగా రంభానలకూబరుల విమానము పోవుటను చదివినవారికి ఈ యద్భుతము క్రొత్తగా తోఁపదు.

పోలిక అచ్చటితో నిలువదు. హితోమి మెడయందు అమ్మమ్మ యిచ్చిన పతకము కలదు. అది లోలకమువలె నూఁగుచు కనఁబడని శత్రువుల జాడను చూపును. మధురలాలసకును మణియే సాధనము. శిశువుగా నుండఁగా హారమందలి మణి ఱొమ్మును తాఁకినంతనే ఆమెకు పూర్వజన్మము స్ఫురించి, నిండుసభయందు కథ యంతయు చెప్పును. కలభాషిణి మధురలాలసగను, మణికంధరుఁడు కలాపూర్ణుఁడుగను మరల పుట్టిరని పాఠకునకు తెలియుట ఆ శిశుముఖముననే. చూపునకు మణిని సాధనముగా కల్పించుటయందు ఇరువురు కవులు ఒక్కదారిని నడచిరి. ఒకరినుండి మఱియొకరు గ్రహించిరనుట మాత్రము సాహసము.

భేదము కాలమునందు కలదు. మధురలాలస చూచినది భూతము. హితోమి చూచునది భవిష్యత్తు. లకారార్థము తెలిసినవారికి ఇచ్చట గొప్ప రుచి గలదు. మొదటి భాగమునందే హితోమికి వాన్ సర్పముచే హతుఁడగు దృశ్యము ముందుగా కనఁబడును. ఆమె కేక వేయును, అతఁడు తప్పించుకొనును. ఆమె చూచినప్పుడు అది లృట్టు: 'చచ్చును.' జరిగిన పిదప అది లృఙ్ఙు: 'కేక వేయకున్నచో చచ్చియుండెడివాఁడు.' హేతుహేతుమద్భావ ముండి క్రియ నెఱవేఱకపోయినపుడు వచ్చు లకార మిది. పాణిని దీనిని భవిష్యత్తునందును భూతమునందును విధించెను. తెలుఁగున ఈ పనికి చేదర్థకము తోడ్పడవలయును. హితోమి కథ యంతయు ఈ రెండు లకారముల నడుమ నూఁగును. తాను చూచినది తప్పనిదా, తప్పింపఁదగినదా యని ఆమెకు తెలియదు. పోను పోను తన భయమే యాపదలను పిలుచుచున్నదను శంకయు ఆమెను పట్టుకొనును. చూచుట చేత జరుగుచున్నదా, జరుగనున్నది గనుక కనఁబడుచున్నదా?

సూరన యీ ప్రశ్నను నాలుగు వందల యేండ్లకు పూర్వమే వేఱొకరీతిని వేసెను. బ్రహ్మ సరస్వతితోడి ప్రణయవిలాసమును మఱుఁగుపఱచి యొక కథగా అల్లి చెప్పఁగా, ఆ మాట భూలోకమున నిజము కావలసివచ్చెను. కావున మధురలాలస స్మృతికి విషయమైనది ఒకప్పుడు నోటిమాటగా వెలువడిన భవిష్యత్తే. కథ ముందు, జీవితము వెనుక. ఈ కూర్పునందు సూరనను జపానుకథ సమీపింపఁజాలదు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో కవిత్వతత్త్వవిచారమున సూరన కృతులను ముందిడుకొని విమర్శించుటయు, 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలాపూర్ణోదయమును ఆంగ్లమున వెలయించుటయు ఊరక జరుగలేదు.

అయినను ఒక్క విషయమున హితోమిదే పైచేయి. మధురలాలస పలుకునది మణిప్రభావముచేత. శిశువునకు తప్పొప్పులు లేవు, ఆమె మాటకు ఆమె పూచీ కాదు. హితోమి యట్లు కాదు. రాజకుమారి మిలెర్నా డ్రైడెన్‌ను పెండ్లాడవచ్చునా యని చీట్లు వేయింపఁగా, ఫలము చెడుగా వచ్చినను హితోమి మంచిదని చెప్పును. మిలెర్నాకు ప్రియుఁడైన అలెన్‌పై తనకును మనసుండుటయే కారణము. ద్రష్ట్రి యసత్య మాడినది. సోదె చెప్పు స్త్రీ కూలికై తీపి పలికినచో లోకము నవ్వి యూరకుండును; నిజముగా చూపుగల స్త్రీ అబద్ధ మాడినచో ఆమె చూపే మసకవాఱును. ఈ ఘట్టము సిరీసునకు ఆయువుపట్టు. ఈర్ష్యను కవి క్షమింపలేదు, దండింపను లేదు. ఆ వివాహము శత్రువుల దాడిచే భగ్నమగుటను మాత్రము చూపెను. ఉషాకన్య కలగన్న పురుషుని గుర్తించుటకై రాజకుమారుల బొమ్మలు వ్రాసి చూపిన చిత్రలేఖ, అనిరుద్ధుని తానే వలచి ఆ యొక్క పటమును దాఁచినచో కథ యేమగునో యూహించినవారికి ఈ కల్పన బరువు తెలియును.

ప్రతినాయకుఁడగు జైబాఖ్ చక్రవర్తి డార్న్‌కిర్క్ నిజమునకు ఐజాక్ న్యూటన్ అని కథకులు చెప్పుట ఔచిత్యభంగమని తోఁపవచ్చును. 1727లో మృతుఁడైన శాస్త్రజ్ఞుని గైయాలోకమునకు ఎక్కించుట మితిమీఱిన కల్పనయే. కాని గ్రహగతులను లెక్కించినవాఁడు, రసవాదమునందును మునిఁగినవాఁడు, విధిని సైతము లెక్కకు లోఁబఱుపఁబూనుట అతని స్వభావమునకు విరుద్ధము గాదు. కథయందు అతనికి మునుపే అట్లాంటిస్ ప్రజలు కోరికను నిజము చేయు యంత్రము కట్టి నశించిరి. జగ్గయ్యపేట స్తూపమునుండి వెలువడి నేఁడు చెన్నపురి ప్రదర్శనశాలయందున్న మాంధాతృ శిల్పము ఈ కథనే ఱాతిలో చెప్పుచున్నది. సప్తరత్నముల నడుమ నిలిచిన చక్రవర్తి కోరఁగా మేఘములనుండి నాణెములు కురియుచున్నవి. ఇంద్రుని యర్ధాసనము చాలక సర్వమును కోరి అతఁడు పతనమగుట బౌద్ధకథయందు చెప్పఁబడినది. 1882లో బర్జెస్ ఆ స్తూపమును పరిశీలించిన నాఁటినుండి ఈ ఫలకము పండితుల దృష్టియందున్నది. దానిని కాసులవానగా మాత్రము చూచి పోవువారు కథలో సగమును వదలుకొన్నవారు.

దోషములును కలవు. యుద్ధఘట్టములు పునరుక్తమై నడిమిభాగములు సాగుచుండును. అలెన్ కుటుంబకథ ఉపకథలకు ఉపకథయై అంగిరసమును అణఁచును. కడపట హితోమి పతకమును వాన్ చేతికిచ్చి భూమికి మరలుట మాత్రము చక్కని నిర్వహణము. విధి తన చూపునకు కట్టువడియుండలేదని తెలిసికొన్న స్త్రీకి ఆ మణితో పని లేదు. ఆ మణిని ఆమె ఎవరి యాజ్ఞచేతను విడువలేదు.