ముల్జిమ్ భార్య, ముజ్రిమ్ భార్య

ఉర్దూలో రెండు మాటలున్నాయి. ముల్జిమ్ అంటే నేరారోపణ ఎదుర్కొంటున్నవాడు. ముజ్రిమ్ అంటే నేరం రుజువైనవాడు. తెలుగులో నిందితుడు, దోషి అంటాం. రెండు భాషల్లోనూ కోర్టు వార్తలు రాసే మాలాంటివాళ్లు ఈ తేడా దగ్గర ఎంతో జాగ్రత్తపడతారు. ఒక మాట బదులు ఇంకొకటి పడితే ఒక మనిషి బతుకే తారుమారవుతుంది. మరి ఆ మనిషి భార్యకు? ఆమెకు రెండు భాషల్లోనూ ఒకటే పేరు: జైలుకెళ్లినవాడి పెళ్లాం. ఈ పేరు ఆమెకు ఎవరు పెట్టారు? దాన్ని ఎంతకాలం మోయాలో ఎవరు నిర్ణయిస్తున్నారు?

ముస్లిం స్త్రీ గురించి ఈ దేశంలో జరిగిన చర్చంతా తలాఖ్ చుట్టూనే తిరిగింది. 1982లో 'నికాహ్' సినిమా, 1985లో షాబానో తీర్పు, 2017లో ముమ్మారు తలాఖ్‌పై సుప్రీంకోర్టు తీర్పు, 2019లో దాని మీద చట్టం. అన్నిచోట్లా తలాఖ్ చెప్పేది మగవాడు, చెప్పించుకునేది ఆడది. ప్రధాన స్రవంతి పత్రికలకు ఆమె కన్నీళ్లు కావాలి. మన మతపెద్దలకు ఆమె మౌనం కావాలి. మన రచయితలం చేసిందేమిటి? మన కథల్లో, కవితల్లో భర్త వదిలేసిన స్త్రీ కనిపించినంతగా, 'నేనే ఇతన్ని వదిలేస్తాను' అని కోర్టు మెట్లెక్కిన స్త్రీ కనిపించదు. అట్లాంటి స్త్రీలు లేకనా? వాళ్ల కోసం ఒక చట్టమే ఉంది కదా!

అది 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం. అందులో రెండో సెక్షన్ స్త్రీకి ఫస్ఖ్ హక్కునిస్తుంది. నాలుగేళ్లు భర్త జాడ తెలియకపోయినా, రెండేళ్లు పోషణ చూడకపోయినా ఆమె వివాహం రద్దు కోరవచ్చు. భర్తకు ఏడేళ్లు, అంతకు మించి జైలుశిక్ష పడినా కోరవచ్చు. ముస్లిం స్త్రీకి మతం సంకెళ్లే ఇచ్చిందని సులువుగా రాసేసే మిత్రులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో జైలుశిక్ష అనే విడి కారణమే లేదు. హంతకుడి భార్య అయినా క్రూరత్వమనో, విడిచిపెట్టి పోయాడనో నిరూపించుకోవాల్సిందే. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో మాత్రం ఏడేళ్ల శిక్ష విడాకులకు కారణమే. అంటే ఆ విషయంలో ముస్లిం స్త్రీ చట్టం దానికంటే పదిహేనేళ్లు ముందుంది.

అయితే ఇది చూసి మనం మురిసిపోవాల్సిందేమీ లేదు. ఆ చట్టం స్త్రీల మీద జాలితో మాత్రమే పుట్టలేదు. హనఫీ ఫిఖహ్‌లో దారులు మూసుకుపోయి, మొగుణ్ణి వదిలించుకోవడానికి కొందరు స్త్రీలు మతాన్నే వదిలారు. అప్పుడు కదిలారు మన ఉలేమా. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ మాలికీ సంప్రదాయం నుంచి పరిష్కారాలు తెచ్చి రాశారు. తర్వాత కేంద్ర శాసనసభలో బిల్లు వచ్చింది. చట్టం నాలుగో సెక్షన్, ముస్లిం స్త్రీ మతం మారినంత మాత్రాన నికాహ్ రద్దు కాదంటుంది. ఒక చేత్తో తలుపు తీసి, ఇంకో చేత్తో కిటికీ మూశారు. అయినా ఆ తలుపు తెరిపించింది ఆడవాళ్ల తెగింపే. ఈ మాట మన చరిత్రలో రాసుకోవాలి.

ఇప్పుడు ఆ తలుపు దగ్గరికి వెళ్దాం. దానికి రెండు గడియలున్నాయి. ఒకటి ఏడేళ్లు. అయిదేళ్లు శిక్ష పడ్డవాడి భార్యకు ఈ దారి లేదు. రెండోది, శిక్ష ఖరారయ్యే దాకా కోర్టు డిక్రీ ఇవ్వకూడదు. కింది కోర్టు, హైకోర్టు, సుప్రీంకోర్టు అంటూ అప్పీళ్లు సాగినంత కాలం ఆమె భార్యే. విచారణ ఖైదీగా అతను లోపల గడిపిన ఏళ్లు ఈ లెక్కలోకే రావు. ఇరవై రెండేళ్లకు భర్త జైలుకెళ్తే, ఈ సెక్షన్ కింద ఆమెకు విడుదల దొరికేసరికి తలలో తెల్లవెంట్రుకలొస్తాయి.

రెండో గడియకు కారణం లేకపోలేదు. 2002లో గాంధీనగర్ అక్షర్‌ధామ్ మీద దాడి కేసులో ఆరుగురికి పోటా కోర్టు 2006లో శిక్షలు వేసింది. ముగ్గురికి ఉరి. 2010లో హైకోర్టు ఆ శిక్షల్ని సమర్థించింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగుర్నీ నిర్దోషులంది. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాదులో ఎంతమంది పిల్లల్ని పట్టుకెళ్లి, హింసించి, చివరికి వదిలేశారో పాతబస్తీకి తెలుసు. అందుకే మన బస్తీల్లో పోలీసు మాటను, కింది కోర్టు తీర్పును జనం వెంటనే నమ్మరు. ఆ అపనమ్మకం చరిత్ర ఇచ్చిందే.

కానీ ఆ అపనమ్మకం భారమంతా భార్య నెత్తిన పెట్టడం ఏం న్యాయం? 'నువ్వు ఫస్ఖ్ అడిగితే మనవాడు ముజ్రిమ్ అని నువ్వే ఒప్పుకున్నట్టు' అంటారు పెద్దలు. నిజంగానే హత్య చేసినవాడి భార్యకూ అదే మాట: 'సబర్ చెయ్ బేటీ'. అబద్ధపు కేసులో ఇరుక్కున్నవాడికీ, నిజం నేరస్తుడికీ మధ్య తేడా చూడమని రాజ్యాన్ని అడిగే మనం, వాళ్ల భార్యల దగ్గరికొచ్చేసరికి ఆ తేడా మనమే చెరిపేస్తున్నాం. వివాహ రద్దు భర్త నేరం మీద రెండో తీర్పు కాదు. ఆమె సాక్ష్యమూ కాదు. అతను నిర్దోషే అయినా ఆమె యవ్వనం పోతోంది, పిల్లల ఫీజులు ఆగడం లేదు.

లౌకికవాద మిత్రులతోనూ ఒక మాట. వారం వారం ములాఖాత్‌కి టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లే స్త్రీని చూసి 'పాపం, మతం కట్టేసింది' అనకండి. ఉండిపోవడం ఆమె నిర్ణయం కావచ్చు. వెళ్లిపోవడం ఎట్లా హక్కో, ఉండటమూ అట్లాగే హక్కు. ఆమెను అడగకుండా ఆమె తరఫున మాట్లాడటంలో పెద్దలకూ మీకూ తేడా ఏముంది?

2019 చట్టం చూడండి. తక్షణ తలాఖ్ చెప్పినవాడికి మూడేళ్ల వరకు జైలు. ఆ తలాఖ్ చెల్లదు కాబట్టి నికాహ్ అట్లాగే ఉంటుంది. అంటే మొగుడు లోపల, పెళ్లి బయట. మూడేళ్లు ఏడేళ్లు కావు కనుక 1939 చట్టంలోని జైలుశిక్ష కారణం ఆమెకు పనికిరాదు. జైల్లో ఉన్నవాడి నుంచే జీవనభృతి అడగమంటుంది చట్టం. శిక్ష వేయడానికున్న ఆత్రం, ఆమెను విడిపించడానికి లేకపోయింది.

ఈజిప్టు 1929లోనే ఒక చట్టం చేసింది. మూడేళ్లు, ఆపైన శిక్ష ఖరారైనవాడి భార్య, అతను ఏడాది జైల్లో గడిపాక వివాహ రద్దు కోరవచ్చు. అతని ఆస్తి నుంచి ఆమెకు పోషణ దొరుకుతున్నా సరే. ఒంటరితనమే ఆమెకు జరిగిన హాని అని గుర్తించారు. అది మాలికీ ఆలోచనే. అక్కడ షరియత్‌కు అడ్డురాని మూడేళ్లు ఇక్కడ ఎందుకు అడ్డు?

'ఖులా ఉంది కదా' అంటారు. ఉంది. భర్త ఒప్పుకోకపోయినా ఖులా ఆగదని, ముఫ్తీ ధ్రువపత్రం తప్పనిసరి కాదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. మంచిదే. కానీ ఖులా అంటే మామూలుగా మెహర్ వదులుకుని బయటపడటం. నేరం అతనిది, నష్టం ఆమెదా? ఫస్ఖ్‌లో అట్లా కాదు. వివాహం రద్దయినా మెహర్ హక్కు పోదని 1939 చట్టం అయిదో సెక్షన్ చెబుతోంది. అందుకే ఖులా ఉందని ఫస్ఖ్ తలుపును ఇరుకుగానే వదిలేయకూడదు.

ఏడేళ్లను మూడుకు తగ్గించమని మనమే అడగాలి. బయటివాళ్లు అడిగేదాకా ఆగితే అది మన మీద ఇంకో దాడిగా వస్తుంది. చట్టం మారేలోపు చేయగలిగిందీ ఉంది. తలాఖ్-ఎ-తఫ్వీజ్‌ను హనఫీ ఫిఖహ్ ఒప్పుకుంటుంది. 'భర్త ఏడాదికి మించి జైల్లో ఉంటే తలాఖ్ హక్కు భార్యది' అని నికాహ్‌నామాలో ఒక్క షరతు రాస్తే చాలు. శిక్ష ఖరారు కానక్కర్లేదు, అతను ముల్జిమా ముజ్రిమా అని ఆమె తేల్చనక్కర్లేదు. బిర్యానీకి ఎన్ని దేగ్‌లు ఎక్కించాలో గంటలకొద్దీ మాట్లాడుకునే మన ఇళ్లలో, ఆ ఒక్క వాక్యం గురించి అమ్మాయి తరఫున ఎవరు నోరు విప్పుతారు?