తరిమెన దగ్గర కూర్చోండి

కర్రపని సరదా ఇప్పుడు మన పట్నాల్లో బాగానే అంటుకుంటోంది. వారమంతా కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లు శని, ఆదివారాలు బాల్కనీలో చిత్రిక పడుతున్నారు. వీళ్లు అడిగేవి మూడే ప్రశ్నలు. మంచి కర్ర ఎక్కడ దొరుకుతుంది? పనిముట్లు ఎక్కడ కొనాలి, ఎవరితో సాన పట్టించుకోవాలి? పని ఎవరు నేర్పుతారు? ఫోను తెరిస్తే జర్మనీ ఉలి, జపాను రంపం, అమెరికా పెద్దమనిషి పాఠం వరసగా వచ్చిపడతాయి. ఆ పెద్దమనిషి మేపుల్ కర్ర తీసుకోమంటాడు. మనవాడు మేపుల్ కోసం ఊరంతా తిరిగి, దొరక్క, ప్లైవుడ్‌తో సరిపెట్టుకుంటాడు. ఈ మూడు ప్రశ్నలకూ ఒకేచోట జవాబు దొరికే ఊరు మనకుంది. యలమంచిలిలో దిగి ఏటికొప్పాక ఎటని అడగండి, ఎవరైనా చెబుతారు.

ముందు పట్నం సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. టింబర్ డిపోల్లో కలపను ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. రెండు పెట్టెలు చేసుకునేవాడికి దుంగ ఎందుకు? కోత మిల్లుకు వెళ్లి, పక్కన పడేసిన ముక్కలు అడగండి. తూకానికో, కుప్పకింతనో ఇచ్చేస్తారు. ముక్క చివర చూడండి. నడిమి బెండు నుంచి అంచుకు బీటలు పాకి ఉంటే వదిలేయండి. చేతికి చల్లగా, బరువుగా తగిలితే ఇంకా పచ్చిదని అర్థం. సామాను చేసే కలపలో తేమ పన్నెండు శాతం దగ్గరకు దిగాలి. మిల్లు ముక్కలకంటే పాత కలప అమ్మే దుకాణాలు నయం. కూల్చిన ఇళ్ల టేకు దూలాలు, ద్వారబంధాలు అక్కడికే చేరతాయి. మూడు తరాల ఎండ తిన్న కర్ర అది, ఇంక వంకర పోయేదేమీ ఉండదు. మేకులు మాత్రం ఒక్కటి మిగలకుండా పీకించుకోండి. లోపల ఒక్క మేకు దాక్కున్నా చిత్రిక పదును పోయినట్టే. హైదరాబాదువాళ్లకు పనిముట్ల కోసం రాణిగంజ్ ఉండనే ఉంది. ఉలి మాత్రం కొలిమి దగ్గర చేయించుకోవడమే నాకిష్టం. పాత లారీ కమాను పట్టీ తీసుకెళ్తే, మీ చేతి కొలతకు సాగగొట్టి, నీరు పెట్టి ఇచ్చే కమ్మరులు ఊళ్లలో ఇంకా ఉన్నారు. అడిగేవాళ్లు లేక కొడవళ్లతో కాలక్షేపం చేస్తున్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉంది. తరిమెన (కర్రను తిప్పే లేతు) పట్టి లక్కపిడతలు చేసే ఊరు. ఈ పని ఎప్పుడు మొదలైందంటే తలా ఒక మాట చెబుతారు. జమీందార్ల ఆదరణ అంటారు, నాలుగు వందల ఏళ్లంటారు. ఎన్నేళ్లయితేనేం, చేతిలో పని ఉంది, అది చాలు నాకు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. శకటానికి మూడో బహుమతి కూడా వచ్చింది. మొదటిది ఇవ్వాల్సిందని నా పక్షపాతం.

వీళ్ల కర్ర అంకుడు. చుట్టుపక్కల కొండల్లో పెరిగే చిన్న చెట్టు. తెల్లగా, మెత్తగా, నార కనపడనంత సన్నగా ఉంటుంది లోపలి చెక్క. టేకు తరిమెన మీద పెడితే నార లేచి ఉలిని ఎగరగొట్టవచ్చు. అంకుడు అలా మొరాయించదు, ఎటునుంచి ఉలి ఆన్చినా నున్నగా తెగుతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకన్నా ఓపికగల కర్ర దొరకదు. పెద్ద మాను అక్కర్లేదు, చేతి మణికట్టంత కొమ్మలు చాలు. కొమ్మ కొడితే మోడు మళ్లీ చిగురిస్తుంది. కొట్టిన కర్రను నీడలో నెలల తరబడి ఆరబెడతారు. తొందరపడి పచ్చికర్రకు లక్క పట్టించినవాడి భరిణె, ఆరేలోపే కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. మూత ఇక పట్టదు.

లక్క సంగతి ఇంకా ముచ్చటైనది. చెట్టు కొమ్మల మీద సన్నని పురుగులు కట్టుకున్న గూటి నుంచి తీసే జిగురు అది. ఎక్కువగా జార్ఖండ్ వైపు నుంచి వస్తుంది. దాన్ని కుంపటి సెగకు మెత్తబరిచి, రంగు కలిపి, పాకం లాగినట్టు లాగి మడిచి, మళ్లీ లాగి, కడ్డీలు చేస్తారు. పసుపుతో పసుపురంగు, నీలితో నీలం, ఆ రెండూ కలిపితే ఆకుపచ్చ, జాఫ్రా గింజలతో నారింజ, చండ్రతో ముదురు గోధుమ. ఈ రంగుల వెనక ఒక మనిషి ఉన్నాడు. చింతలపాటి వెంకటపతి రాజు, అందరికీ సి.వి.రాజుగారు. ఊరంతా రసాయన రంగులవైపు మళ్లిన రోజుల్లో, చెట్ల వేర్లూ గింజలూ బెరళ్లూ ముందేసుకుని, లక్కలో నిలిచే రంగేది, వెలిసిపోయేదేదని పట్టుబట్టి పరీక్షించాడాయన. నీళ్లలో కరిగే రంగు లక్కలో కలవదు. దాన్ని పొడిగా మార్చి, లక్కతో పొత్తు కుదర్చాలి. గుడ్డకు అద్దినంత సులువు కాదు. 2023లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. నన్నడిగితే ఇరవై ఏళ్లు ఆలస్యం.

ఇప్పుడు తరిమెన దగ్గరకు రండి. ఒకప్పుడు ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. ఇప్పుడు మోటారు తిప్పుతోంది. ఉలి పట్టే చెయ్యి మాత్రం మారలేదు. కొత్తవాడు చేసే తప్పు ఉలిని కర్రలోకి నొక్కడం. అక్కడి పెద్దాయన ఒకరు ఓ కుర్రాడితో అంటుండగా విన్నాను: "అదమకండి బాబూ. ఉలి ఆన్చి ఊరుకోండి, కర్రే వచ్చి కోసుకుంటాది." ఎన్ని వీడియోలు చూసినా ఈ మాట ఇంత తేటగా వినలేదు.

కుంకుమ భరిణె చేయడం చూడాలి. ఒకే కొమ్మ ముక్కలోంచి ముందు మూత, తర్వాత అడుగు తీస్తారు. మూత లోపలి అంచు తొలిచి, ఆ అంచుకు సరిపడా అడుగుకు గట్టు నిలుపుతారు. కొలబద్ద లేదు. ఉలి ఓ రవ్వ ఆన్చడం, మూత పెట్టి చూడడం, ఇంకో రవ్వ. గట్టుకు గాలి సందు కూడా లేకుండా కూర్చున్నప్పుడు మూత తీస్తే చిన్నగా "టప్" మంటుంది. ఆ చప్పుడే వాళ్ల కొలత. ఆ పెద్దాయన మూతకు తగినంత వచ్చిందా అని కళ్లతో చూడనే లేదు. పక్కవాళ్లతో చెరకు బకాయిల గురించి మాట్లాడుతూ చెవి మాత్రం భరిణె మీద వేసి ఉంచాడు. టప్ మనగానే మోటారు ఆపాడు.

ఆ తర్వాత లక్క. తిరుగుతున్న కర్రకు కడ్డీ ఆన్చితే రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. కుంపటి లేదు, కుంచె లేదు. అది గీతలు గీతలుగా, ముద్దలుగా ఉంటుంది మొదట. అప్పుడు మొగలి ఆకు తీస్తారు. అంచుల ముళ్లు చీల్చేసి, ఆకు మడిచి, తిరిగే భరిణె మీద గట్టిగా అదుముతారు. రాపిడికి లక్క మళ్లీ మెత్తబడి, పల్చగా, సమంగా పరుచుకుని, అద్దంలా మెరుస్తుంది. ఆకు ఎక్కువసేపు పెడితే లక్క చెదిరి పక్క రంగులోకి పోతుంది. తక్కువైతే మెరుపు రాదు. ఎర్ర పట్టీకీ నల్ల గీతకీ మధ్య సరిహద్దు వెంట్రుక మందాన నిలిపేవాడే పనివాడు. వార్నిష్ డబ్బాలు, స్ప్రే గన్నులు కొని బాల్కనీ పాడుచేసుకునే మిత్రులారా, ఒక లక్క కడ్డీ, ఒక మొగలి ఆకు చాలు మీకు.

కర్ణాటకలోని చన్నపట్న మాట ఎత్తుతారని తెలుసు. వాళ్లదీ ఇదే చెట్టు, ఇదే లక్క, ఇంచుమించు ఇదే పని. మంచి పనివాళ్లే, కాదనను. కానీ బెంగళూరు పక్కనే ఉండటం వాళ్ల అదృష్టం. లక్కపనికి ప్రభుత్వం కట్టిన కేంద్రం ఉంది, అమ్ముకోవడానికి దారి పొడవునా అంగళ్లున్నాయి. మన ఏటికొప్పాకవాడికి జాతీయ రహదారి కూతవేటు దూరంలో ఉన్నా బండి ఆపేవాడు లేడు. భరిణె మూత ముందు పెట్టి నన్ను తీర్పు చెప్పమంటే చెబుతాను. ఏ ఊరిదో ఊహించుకోండి.

మిగతా కర్రపని ఊళ్ల గురించి కూడా చెప్పకపోతే వాళ్లు కోప్పడతారు. కొండపల్లివాళ్లు తెల్ల పొణికి చెక్కతో ఏనుగు అంబారీ చెక్కుతారు. చేతులు, తొండం విడిగా చేసి, రంపపు పొట్టూ చింతగింజల జిగురూ కలిపిన ముద్దతో అతికిస్తారు. అతుకు కనిపెట్టండి చూద్దాం. నిర్మల్‌లోనూ పొణికే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధివారు పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు. కుండ, దండి, అంతా ఒకే మాను. అతుకులేని వీణ నాదం వేరంటారు, నా చెవి కూడా ఒప్పుకుంది. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో గరిటెలు, ఫోర్కులు చెక్కుతారు. శాస్త్రోక్తంగా కొయ్య శిల్పం నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్లకు తిరుపతిలో దేవస్థానంవారి శిల్ప కళాశాల ఉంది, 1960 నుంచీ. యంత్రాలతో పని, కలప శాస్త్రం కావాలంటే బెంగళూరు మల్లేశ్వరంలోని కలప పరిశోధన సంస్థ శిక్షణ ఇస్తుంది.

ఇక కడుపు మండే సంగతి. ఊళ్లో జాతర్లకు, పట్నంలో ఎగ్జిబిషన్లకు వెళ్లండి. "ఏటికొప్పాక బొమ్మలు" అని బోర్డు. దగ్గరకెళ్తే ఎనామెల్ పెయింటు వాసన గుప్పుమంటుంది. ఏ కర్రో తెలియదు, ఎవరు చేశారో తెలియదు. పిల్లవాడు నోట్లో పెట్టుకునే వస్తువు అది! ఆ రంగులో సీసం ఉందో లేదో ఎవడు చూశాడు? పెయింటు పనిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. గోటితో అంచు గీకితే పెయింటు పొరలా లేస్తుంది, లక్క లేవదు. కుంచె గీతలు కనిపిస్తాయి, లక్కపనిలో మొగలి ఆకు మెరుపే తప్ప గీత ఉండదు. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. ప్లాస్టిక్ ఆగిందేమో గానీ, మన పేరు పెట్టుకున్న ఈ దొంగ సరుకు మన సందుల్లోనే తయారవుతుంటే సుంకం ఏం చేస్తుంది? నిజమైన భరిణె ధర విని మూతి ముడిచి, పక్క స్టాల్లో పెయింటు డబ్బా కొనుక్కుపోయే మనవాళ్లను చూస్తే ఇంకా మంట.

అంకుడు మాట మరీ ఘోరం. దగ్గరి కొండల్లో తరిగిపోయింది. దూరం నుంచి తెప్పించుకోవాలి, దానికి అనుమతులు, దళారులు. కర్ర రేటు పెరిగితే పనివాడు కూలిలో తగ్గించుకుంటాడు. వాడి కొడుకు అది చూసి ఫార్మా కంపెనీలో షిఫ్టుకు పోతాడు. చేతికి వచ్చిన విద్య తరతరాలది, పోవడానికి ఒక తరం చాలు. ప్రతి ప్రభుత్వమూ శాలువాలు కప్పింది. ఊరి చెరువు గట్ల మీద, బీడుల్లో అంకుడు నాటించమంటే మాత్రం ఫైలు కదలదు.

అందుకే సరదాగా కర్రపని చేసేవాళ్లనే బతిమాలుతున్నాను. విదేశీ ఉలి సెట్టుకు పెట్టే డబ్బు పక్కన పెట్టి ఏటికొప్పాక వెళ్లండి. పండగల ముందు వెళ్లకండి, ఆర్డర్ల ఒత్తిడిలో ఉంటారు. ముందు ఫోను చేసి, "గురువుగారూ, రెండు రోజులు కూర్చుని నేర్చుకుంటాను" అని అడగండి. డిజైను విద్యార్థులు వచ్చి కూర్చుంటూనే ఉంటారు, వాళ్లకు కొత్త కాదు. నేర్పినందుకు ఇంత అని ముందే మాట్లాడుకోండి. వాళ్లు వద్దంటారు, అయినా ఇవ్వండి. మీకు నేర్పిన రోజు వాళ్ల సొంత పని ఆగిపోతుంది, కనీసం ఆ రోజు కూలికి రెట్టింపు మీ చేతిలోంచి రావాలి. ఆరిన అంకుడు కర్ర, లక్క కడ్డీలు వాళ్ల దగ్గరే కొనుక్కోండి, రేటు బేరమాడకండి. ఉలి మొనపోతే ఎక్కడ సాన పట్టించుకుంటారో అడిగి అక్కడికే వెళ్లండి. తిరిగొచ్చాక మొదటి భరిణె మూత వదులుగా వస్తే దిగులు పడకండి, రెండో భరిణె చేయండి. ఊళ్లో పొలం ఉన్నవాళ్లు గట్టు మీద పది అంకుడు మొక్కలు వేయండి. కొమ్మ చేతికొచ్చాక ఏటికొప్పాకకు కబురు పెడితే, కొట్టుకోవడానికి వాళ్లే వస్తారు.