పత్రముతోబాటు వచ్చిన ముద్ర

ఆధార్ పత్రమును ఇంటి కంప్యూటరులోనికి దింపుకొని అడోబీ రీడరులో తెరచినవారిలో చాలమందికి ఒక పసుపుపచ్చని ప్రశ్నార్థకము ఎదురై ఉండును. సంతకము ఉండవలసిన చోట ‘వ్యాలిడిటీ అన్‌నోన్’ అను మాటలు కనబడును. పత్రము దొంగదని దాని భావము కాదు. ఈ సంతకమునకు పూచీపడినవారెవరో ఈ కంప్యూటరునకు తెలియదని మాత్రమే భావము. కాని ఆ కాగితమును దరఖాస్తునకు జతపరుపబోవు విద్యార్థికి ఈ భేదము ఊరట కలిగింపదు.

ఈ చిక్కు తీర్చుటకై ఆధార్ ప్రాధికార సంస్థ తన ప్రశ్నోత్తరములలో ఒక పద్ధతిని ప్రకటించినది. దాని సారాంశమిది: సంతకపు గుర్తుపై మౌసుతో నొక్కి సర్టిఫికెట్టును తెరువవలెను, అందు నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ పేరు ఉన్నదేమో చూడవలెను, ‘ట్రస్ట్’ అను చోటికి పోయి దానిని నమ్మదగినవారి పట్టీలో చేర్చవలెను, తరువాత భద్రతను గూర్చి ఏ ప్రశ్న వచ్చినను ‘ఓకే’ అని సమాధానమీయవలెను, దీనిని మూల సర్టిఫికెట్టుగా నమ్ముదునని గుర్తు పెట్టవలెను. అంతట ప్రశ్నార్థకము పోయి ఆకుపచ్చని టిక్కు వచ్చును. ప్రభుత్వ వెబ్‌సైట్ల కొరకు ఇంటి కంప్యూటరులో మూల సర్టిఫికెట్లు పెట్టుకొనుటకై పలుచోట్ల వెలువడు సూచనలు ఇంచుమించు ఈ అచ్చులో పోసినవే.

సూచనలలో ఏ మెట్టును తప్పు కాదు. చెప్పినట్లు చేసినచో చెప్పిన ఫలితమే వచ్చును. లోపమంతయు చెప్పని మెట్టులో ఉన్నది.

సర్టిఫికెట్టనగా ఒక పరిచయ పత్రము. ప్రతి వెబ్‌సైటునకు, సంతకము చేయు ప్రతి కార్యాలయమునకు జంటగా రెండు తాళపుచెవులుండును. ఒకటి రహస్యము, రెండవది బహిరంగము. ‘ఈ బహిరంగపు చెవి ఫలానివారిది’ అని మరియొక సంస్థ సంతకము చేసి ఇచ్చునదే సర్టిఫికెట్టు. ఆ సంస్థకు పూచీ ఎవరు? దానిపైనున్న సంస్థ. ఇట్లు మెట్టుమెట్టుగా ఎక్కిపోగా కడపట మూల సర్టిఫికెట్టు, అనగా రూట్, వచ్చును. దానిపై సంతకము దానిదే! తన్ను గూర్చి తానే సాక్ష్యము చెప్పుకొను ఈ పత్రము దగ్గర గణితము చేతులెత్తివేయును. కావుననే మైక్రోసాఫ్ట్, మొజిల్లా, ఆపిల్, గూగుల్ వంటి సంస్థలు తాము పరిశీలించిన మూలముల పట్టీని ముందుగానే తమ సాఫ్ట్‌వేరుతో పంపును. మన దేశములో 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము క్రింద కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ అను అధికారి, ఆ కార్యాలయమునకొక జాతీయ మూలము ఏర్పడినవి. చట్టము ఆమోదించిన మూలము ప్రతి కంపెనీ పట్టీలోను ఉండి తీరవలెనను నియమము లేదు. ప్రశ్నార్థకము పుట్టినది ఆ సందులోనే.

ఇప్పుడు పై సూచనను మరల చూడవలెను. ఏ పత్రము నిజమో కాదో తేల్చవలసి ఉన్నదో, ఆ పత్రము వెంట వచ్చిన సర్టిఫికెట్టునే ప్రమాణముగా తీసికొమ్మని అది చెప్పుచున్నది. క్రయపత్రము తెచ్చినవాని వేలిముద్రను రిజిస్ట్రారు కచేరీలోని పుస్తకముతో పోల్చుదురే గాని, అతడు జేబులోనుండి తీసిన మరియొక కాగితముతో పోల్చరు గదా! పేరు చూడుమనుట పరీక్ష కాదు. ఉచితముగా లభించు సాఫ్ట్‌వేరుతో ఎవ్వరైనను కొద్ది నిమిషములలో ఒక మూల సర్టిఫికెట్టును తయారుచేసి, తమకిష్టమైన పేరు పెట్టి, దానితో దొంగ పత్రముపై సంతకము చేయగలరు. ఆ పత్రమునకు పై మెట్లన్నియు వర్తింపజేసినచో అదే ఆకుపచ్చని టిక్కు వచ్చును. అసలునకు, నకిలీకి ఒకే ఫలితమిచ్చు పరీక్షను ప్రయోగశాలలో ఏ విద్యార్థి చేసినను ఉపాధ్యాయుడు మార్కులు వేయడు.

చెప్పని మెట్టు ఏదో విండోస్ తానే చెప్పుచున్నది. వాడుకరి తన ఖాతాలో మూల సర్టిఫికెట్టును చేర్చబోవునప్పుడు అది ఒక హెచ్చరికను చూపును. ఈ సర్టిఫికెట్టు నిజముగా ఆ పేరు గలవారిదేనని తాను నిర్ధారింపజాలననియు, వారినే సంప్రదించి తెలిసికొనవలెననియు దాని తాత్పర్యము. పోల్చుటకొక సంఖ్యను గూడ ఇచ్చును. సర్టిఫికెట్టు మొత్తమును గణించి తీసిన ఈ సంఖ్యకు ఇంగ్లీషులో వేలిముద్ర అనియే పేరు పడినది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఇది 64 అక్షరాంకములుండును. సర్టిఫికెట్టులో ఒక్క బిందువు మారినను సంఖ్య అంతయు మారిపోవును. సాఫ్ట్‌వేరు ఇంత చక్కగా చెప్పిన మాటను, ‘యెస్ నొక్కుము’ అని సూచనల పట్టికలు ఒక్క పంక్తిలో దాటించివేయుచున్నవి.

నిజమైన మూలమునే చేర్చుకొన్నను ఇచ్చుచున్న అధికారము చిన్నది కాదు. అడోబీలో పెట్టిన నమ్మకము పత్రములవరకే. విండోస్ మూలముల పట్టీలో చేరినది సాధారణముగా ఏ వెబ్‌సైటు పేరునకైనను పూచీపడగలదు. ప్రభుత్వపు సైటు కొరకని చేర్చినది బ్యాంకు సైటునకు గూడ సాక్షి కాగలదు. 2014 జూలైలో ఇది ఊహ గాక అనుభవమైనది. నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ సర్టిఫికెట్ల విభాగమునుండి గూగుల్, యాహూ పేర్లపై అక్రమముగా సర్టిఫికెట్లు వెలువడినట్లు బయటపడినది. కంట్రోలర్ కార్యాలయము వెంటనే సంబంధిత మధ్యంతర సర్టిఫికెట్లను రద్దుచేసినది. జాతీయ మూలమును నమ్మిన విండోసునకు ఆ దెబ్బ తగిలినది. తన పట్టీలో దానిని చేర్చుకొనని ఫైర్‌ఫాక్స్ వాడుకరులు తప్పించుకొన్నారు. తరువాత గూగుల్ తన బ్రౌజరులో ఆ మూలము చెల్లుబాటును గవ్.ఇన్, నిక్.ఇన్ మొదలగు కొన్ని పేర్లకే పరిమితము చేసినది. ఇంటిలో చేతితో చేర్చుకొన్నవాడు అట్టి ఎల్ల గీయుట అరుదు. పైగా వెలువడిన సర్టిఫికెట్లను బహిరంగ చిట్టాలో చూపవలెనని క్రోమ్ విధించిన నియమము చేతితో చేర్చిన మూలములకు వర్తింపదు.

కజకిస్తానులో 2019లో ప్రభుత్వపు మూలమును పెట్టుకొమ్మని రాజధానిలోని మొబైల్ వాడుకరులకు సందేశములు వచ్చినవి. అక్కడ ముద్ర నకిలీ కాదు, ప్రభుత్వముదే. దాని సాయమున గూగుల్, ఫేస్‌బుక్ వంటి సైట్లకు పోవు సమాచారమును నడుమ తెరచుచున్నట్లు పరిశోధకులు కనుగొన్నారు. ఆగస్టులో గూగుల్, మొజిల్లా, ఆపిల్ ఆ మూలమును తమ బ్రౌజర్లలో నిరోధించినవి.

సూచనలు వ్రాసినవారి ఇబ్బంది నిజమైనదే. వేలిముద్రలు, మూలములు అని మొదలుపెట్టినచో సామాన్యుడు బెదరి పారిపోవునను భయముండవచ్చును. కాని అదే ఆధార్ పత్రము మీది క్యూఆర్ గుర్తులో మేలైన మార్గము సిద్ధముగా ఉన్నది. ఆ గుర్తులోను సంతకమున్నది. దానిని పరీక్షించు సాధనము మాత్రము సంస్థవారి యాప్‌లో, యాప్ స్టోరు ద్వారా వేరు దారిన ఫోనుకు చేరును. పత్రము ఒక దారి, ప్రమాణము మరియొక దారి. పీడీఎఫ్ సూచనలకు గూడ ఒక పంక్తి చేర్చిన సరిపోవును: ‘ఓకే అనుటకు ముందు ఈ 64 అక్షరాంకములను కంట్రోలర్ కార్యాలయము ప్రకటించిన వానితో సరిచూడుము’ అని. ఆ సంఖ్యను తపాలా కచేరి గోడమీద అచ్చువేసి అంటించినను నష్టము లేదు. అది రహస్యము కాదు. భద్రతా ప్రశ్నలన్నింటికి ‘ఓకే’ అను పంక్తిని మాత్రము కొట్టివేయవలసినదే. అడోబీ ఆ చోటనే పత్రములోని ప్రోగ్రాములకు అధికారమీయవలెనా అని గూడ అడుగును. సంతకపు పరీక్షకు దానితో పని లేదు.

ఇదివరకే చేర్చుకొన్నవారు అడోబీ ప్రిఫరెన్సెస్‌లో సిగ్నేచర్స్ క్రింద నమ్మిన సర్టిఫికెట్ల పట్టీని చూడవచ్చును. విండోస్‌లో ‘సర్ట్‌ఎంజీఆర్.ఎంఎస్‌సీ’ని తెరచినచో మూలముల పట్టీ కనబడును. పేరుపై రెండుమారులు నొక్కి ‘డీటెయిల్స్’ తెరచినచో అడుగున వేలిముద్ర ఉండును. అక్కడ కనబడునది పాత ఎస్‌హెచ్‌ఏ-1 పద్ధతిలోని 40 అక్షరాంకముల సంఖ్య గనుక, ప్రకటించినదానిలోను అదే పద్ధతి సంఖ్యతో పోల్చవలెను.