మంత్రసాని విద్యకు ఆసుపత్రిలో చోటు

భద్రాచలం మన్యంలోని దుమ్ముగూడెం, చర్ల మండలాల గూడేల్లో నిన్నమొన్నటిదాకా పురుడంటే ఇల్లే. నొప్పులు మొదలయ్యాయని కబురందగానే మంత్రసాని వచ్చేది. ఆమెకు జీతం లేదు. చీరో, బియ్యమో, కోడో ముట్టేది. చాలామంది అక్షరం రానివాళ్లు, అయినా వందల కాన్పులు చూసినవాళ్లు.

పక్కనుంచి చూసేవాళ్లకు ఆమె ఏమీ చేయడం లేదనిపించేది. నిజానికి తొందరపడకపోవడమే ఆమె నేర్చిన మొదటి పాఠం. గర్భిణిని పడుకోనిచ్చేది కాదు, అటూ ఇటూ నడిపించేది. నడుముకు ఆముదం రాసి మర్దన చేసేది, మధ్యమధ్యలో జావ తాగించేది. నొప్పులు ముదిరాక దూలానికి కట్టిన తాడు పట్టుకుని గొంతుక్కూర్చోమనేది. వెనకనుంచి ఒక ఆడమనిషి ఆనుకుని ఉండేది. బిడ్డ బయటపడ్డాక మాయ పడేవరకు బొడ్డు కోయకుండా ఆగేవాళ్లూ ఉన్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రసవ సంరక్షణపై ఇచ్చిన సిఫార్సులు చదివితే వీటిలో చాలా వాటికి పోలికలు కనిపిస్తాయి. తల్లికి నచ్చిన భంగిమ, వెంట తనవారు ఒకరు, తినడానికీ తాగడానికీ వీలు, బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి కట్టడం, ప్రతి ఒక్కరికీ కోత పెట్టకపోవడం.

మంత్రసానుల విద్య వైద్య పుస్తకాల్లోకీ చేరింది. అమెరికాలో 1970ల తొలినాళ్లలో టెనెస్సీలోని ‘ది ఫార్మ్’ అనే సమష్టి గ్రామంలో ఐనా మే గాస్కిన్, ఆమె సహచరులు ఇంటి కాన్పుల ఉద్యమానికి ఊపిరి పోశారు. బిడ్డ తల వచ్చి భుజాలు ఇరుక్కుపోతే తల్లిని చేతులు, మోకాళ్ల మీదకు తిప్పే పద్ధతి ఈనాడు వైద్య పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరుతోనే ఉంది. అది ఆమె కనిపెట్టింది కాదు. గ్వాటెమాలా ఆదివాసీ మంత్రసానులదని ఆమే చెప్పింది. ఆ మంత్రసానుల పేర్లు మాత్రం ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

అలాగని పాత పద్ధతులన్నిటినీ నెత్తిన పెట్టుకోలేం. పొట్ట మీద గట్టిగా నొక్కడం, బొడ్డుకు బూడిద రాయడం, ముర్రుపాలు పిండి పారబోయడం ప్రాణాలు తీశాయి. రక్తస్రావం ఆగకపోతే మంత్రసాని చేతిలో మందు లేదు. 2005లో జననీ సురక్ష యోజన, 2017లో కేసీఆర్ కిట్ వచ్చాక ఊళ్లు ఆసుపత్రి బాట పట్టాయి. 2018-20లో తెలంగాణలో లక్ష సజీవ జననాలకు 43 మంది తల్లులు మరణించారు. అప్పటి దేశ సగటు 97. ఈ ఫలితాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

కానీ ఇల్లు వద్దన్న ఊపులో విద్యనూ వదిలేశాం. మంచానికి అంటిపెట్టి వెల్లకిలా పడుకోబెట్టడం, తోడు వచ్చినవాళ్లను వరండాలోనే ఆపడం, గడియారం చూసి తొందరపడటం అలవాటయ్యాయి. దానికి ముహూర్తాల పిచ్చి కూడా తోడైంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 80 శాతం దాటింది.

మలుపు హైదరాబాద్ నుంచి మొదలైంది. డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ నడిపే ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుంచి మిడ్‌వైఫరీ శిక్షణ ఇస్తోంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్ ఆ సంస్థతో చేతులు కలిపి కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల కోర్సు ప్రారంభించాయి. మరుసటి ఏడాది కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు దేశవ్యాప్త మార్గదర్శకాలు విడుదల చేసింది. ఈ శిక్షణ పొందిన నర్సులు సహజ కాన్పును తామే చూసుకుంటారు. తేడా కనిపిస్తే వెంటనే డాక్టరును పిలుస్తారు.

భద్రాచలం మన్యంలో ఇంటి కాన్పే కావాలని ఎవరైనా అంటే ఒప్పుకోవడం కష్టం. ఇక్కడ రక్తహీనత, సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది. అలాంటి రోజుల్లో దారులు తెగితే నెలలు నిండినవాళ్లను ముందే తరలించక తప్పదు. అయితే ఏరియా ఆసుపత్రికి చేరిన కోయ అమ్మాయికి నర్సు మాట సగమే అర్థమైతే? ఆమె భాష తెలిసిన అత్తనో, గూడెంలోని పాత మంత్రసానినో లేబర్ రూమ్‌లోకి రానివ్వడానికి కొత్త భవనమూ అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు. మంచాల మధ్య ఒక తెర, లోపలికి రమ్మనే నర్సమ్మ ఉంటే సరిపోతుంది.